ప్రాక్సీ దాటిన కబురు

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా అమ్మ అంటుంది, మా ఆఫీసు సార్ అంటారు. భూపాలపల్లిలో నాలాంటి కాంట్రాక్టు ఉద్యోగమే చేసే ఒక అన్న ఉన్నాడు, ఆయనైతే ఫోన్ ఎత్తగానే "ఇయ్యాల ఎవరి మీద కోపం చెల్లె" అని మొదలుపెడతాడు. ఆ యాసంగి పంట కాలంలో దాదాపు నెల రోజులు నా కోపమంతా ఒక కంప్యూటర్ మీద. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. హైదరాబాదులో ఎక్కడో ఏసీ గదిలో ఉంటుందట. దాన్ని ప్రాక్సీ అంటారు. దాన్ని తిట్టినంతగా నేను మనుషులను కూడా తిట్టలేదు. అందులో సగం తిట్లు నాకు చెందాల్సినవని తర్వాత తెలిసింది.

మాది జనగామ, ఉద్యోగం మానుకోటలో. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తాం, నోటితో మానుకోట అనే అంటాం. సోమవారం పొద్దున రైలెక్కి వస్తాను, శనివారం మధ్యాహ్నం రైలెక్కి పోతాను. మధ్యలో ఒక అద్దె గది, ఆఫీసులో కిటికీ లేని మూల ఒక బల్ల. వడ్ల కొనుగోలు కేంద్రాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి చూసుకోవడం నా పని.

కేంద్రాల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రైతులు కోసిన వడ్లు తెచ్చి కేంద్రం ముందున్న జాగాలో కుప్ప పోస్తారు. వచ్చిన వరుసలో టోకెన్ ఇస్తారు. వడ్లు ఆరాలి, సంచులు రావాలి, హమాలీలు దొరకాలి, లారీ రావాలి. ఇవన్నీ కలిసిన రోజున వంతు వచ్చినవాళ్లకు కాంటా పెడతారు, అంటే తూకం వేసి లారీకి ఎక్కిస్తారు. ఆ రోజు ఏదో ముందు రోజు సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. పిలిచినప్పుడు మనిషి కుప్ప దగ్గర ఉండాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే తర్వాతి టోకెన్‌కు పోతారు, లేని మనిషి వంతు వరుస చివరికి పోతుంది. కఠినమైన పద్ధతే. కానీ లారీ ఎవరి కోసం ఆగుతుంది? అందుకే రైతులు రెండు మూడు వారాలు కుప్పల దగ్గరే వండుకు తిని అక్కడే పడుకుంటారు.

కేంద్రాలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని సార్ పంపితే, మరిపెడ అవతల ఒక కేంద్రానికి పోయాను. మిట్టమధ్యాహ్నం. అందరూ టార్పాలిన్ పరదాల నీడకు చేరితే ఒక అవ్వ మాత్రం ఎండలో పాదాలు ఈడుస్తూ వడ్లలో సాళ్లు తీస్తోంది. తండా మనిషి, అరవై దాటి ఉంటాయి. ఎందుకింత తొందర, జర నీడకు రమ్మంటే ఇంటికి పోవాలంది. ముసలాయనకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. బువ్వ తినిపించాలి, పక్కకు ఒరిగించాలి, బట్టలు మార్చాలి. ఉన్న ఒక్క కూతురినీ ఖమ్మం అవతల ఇచ్చింది. తండా నాలుగు కిలోమీటర్లు. పొద్దున నడిచి వచ్చి వడ్లు తిరగేసి, ఎండ దిగకముందే మళ్లీ నడిచి పోతోంది. అందరిలా కుప్ప దగ్గర కాపలా ఉండడం ఆమెకు కుదరదు.

"నా వంతు ఏ దినమొస్తదో ముందుగాల ఎరుకైతె సాలు బిడ్డా," అంది. "ఆ ఒక్కదినం ఆయనను ఎవరికన్న అప్పజెప్పి వస్త. దినాం అంటే ఎవరుంటరు?"

ఆమె టోకెన్ నంబరు నూట పన్నెండు. ఆ రోజు నడుస్తున్నది నలభై లోపే. నేను కబురందే ఏర్పాటు చేస్తానని చెప్పాను. చెప్పానంటే మామూలుగా కాదు, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను.

మానుకోటకు వచ్చి సార్ ముందు కూర్చున్నాను. ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే పంపబోయే ప్రతి మాటకూ ముందే ఆమోదం తెచ్చుకోవాలి. అది వచ్చేసరికి ఇంకో పంట కోతకొస్తుంది. బ్రౌజర్ నోటిఫికేషన్లయితే ఎవరి ఆమోదమూ అక్కర్లేదని సార్‌కు గొప్పగా చెప్పాను. సంగతి చాలా చిన్నది. ఫోన్లో మా పేజీ తెరిచి, టోకెన్ నంబరు కొట్టి, 'అనుమతించు' అనే చోట నొక్కాలి. ఆ తర్వాత పేజీ మూసేసినా సరే, మా సర్వర్ నుంచి కబురు పంపితే ఫోను టింగుమంటుంది. అయితే కబురు నేరుగా ఫోనుకు పోదు. ఆ బ్రౌజర్ తయారుచేసినవాళ్ల సర్వర్ ఒకటి మధ్యలో ఉంటుంది. మనం దానికి అప్పజెబితే అది ఫోనుకు చేరుస్తుంది. తీసుకున్నాను అని చెప్పడానికి మనకు 201 అనే అంకె తిరిగి పంపుతుంది. ఆ అంకె కోసం ఎదురుచూసినట్టు నేను పరీక్షల ఫలితాల కోసం కూడా చూడలేదు.

ఆదివారం జనగామలో ఇంట్లో కూర్చుని రాశాను. నా ఫోన్లోని నెట్‌తోనే లాప్‌టాప్ నుంచి పంపితే ఫోను టింగుమంది. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తొంగిచూసి, రేపు మీ కాంటా అని ఉండటం చదివి, మనకు పొలం యాడున్నదే అని నవ్వింది. నాకు మహా సంతోషమైంది. అప్పుడే ఇంకో మంచి పని కూడా చేశాననుకున్నాను. ఫోను నిండా కబుర్లు కుప్పపడితే జనం విసుక్కుని మొత్తానికే ఆపేస్తారు. అందుకని కొత్త కబురు రాగానే పాతది చెరిగిపోయి దాని జాగాలో కొత్తదే కనబడేలా ఒక్క లైను చేర్చాను.

సోమవారం అదే కోడ్ ఆఫీసు సర్వర్‌లో పెట్టాను. పలకలేదు, ఉలకలేదు. చాలాసేపటికి, ఎదురుచూసి అలసిపోయాను అన్నట్టు ఒక ఎర్రటి వాక్యం వచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అదే. జనగామలో పనిచేసింది మానుకోటలో ఎందుకు పనిచేయదు?

మా సర్వర్‌కు బయటి ఇంటర్నెట్‌లోకి సొంత దారి లేదు. ఏది పంపాలన్నా ముందు ప్రాక్సీ చేతికివ్వాలి. అది చూసి, ఇష్టమైతే గేటు దాటిస్తుంది. ఆ ప్రాక్సీ చిరునామా సర్వర్‌లో ఒకచోట రాసిపెడితే అన్ని ప్రోగ్రాములూ చూసుకుంటాయని చదువుకున్నాను. రాసిపెట్టాను. చేత్తో పరీక్షిస్తే బయటి వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి. నా నోటిఫికేషన్ మాత్రం కదలదు. సర్వర్‌ను ఆపి మళ్లీ లేపాను. కోడ్ అంతా చెరిపి మళ్లీ రాశాను. అన్నం డబ్బా తెరవకుండానే గదికి తీసుకుపోయిన రోజులున్నాయి. ఐదు రోజులు పోయాయి.

ఆరో రోజు భూపాలపల్లి అన్నకు ఫోన్ చేసి అరిచినంత పని చేశాను. ఆయన సొంతూరు కాటారం. మాటకు ముందు కాసేపు ఊరుకుంటాడు, ఆ ఊరుకోవడం నాకు నచ్చదు.

"ఆడ రాసిపెడితె అది సూడదు చెల్లె," అన్నాడు చివరికి. "ఆ లైబ్రరీ గంతే. కబురు పంపేటప్పుడే చేతికియ్యాలె, గీ ప్రాక్సీ నుంచి పో అని."

లైబ్రరీ అంటే ఎవరో రాసి పదిమందికీ ఇచ్చిన కోడ్. నోటిఫికేషన్లు పంపడానికి నేను వాడుతున్నది అదే. అది తన మానాన తాను నేరుగా బయటికి పోవాలని చూసి, మూసిన గోడకు కొట్టుకుని ఆగిపోతోంది. ప్రాక్సీ చిరునామా పంపే మాటలోనే కలిపితే తప్ప దానికి ప్రాక్సీ ఉన్నట్టే తెలియదు. భూపాలపల్లిలో ఈ సంగతి తెలుసుకోవడానికి అన్నకు నెల పట్టిందట. మరి ఎక్కడన్నా నాలుగు ముక్కలు రాసి పెట్టొచ్చు కదా అంటే, నన్నెవరడిగిండ్రు అన్నాడు. ఒళ్లు మండింది కానీ, ఆయన చెప్పినట్టు ఆ ఒక్క ముక్క కలిపాను.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. 403 అని. నిన్ను రానివ్వను పో అని దానర్థం.

ఇక్కడ నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కబురు నిజంగా మన దగ్గరినుంచే వచ్చిందని బ్రౌజర్ వాళ్ల సర్వర్ నమ్మడానికి ఒక తాళంచెవి లాంటిది ఉంటుంది. రైతు 'అనుమతించు' నొక్కిన నాడే ఆ నమోదు ఆ చెవితో ముడిపడిపోతుంది. 403 చూడగానే అవతలివాళ్లకు నా తాళంచెవి నచ్చలేదనుకున్నాను. చెవి మారిస్తే అప్పటిదాకా జరిగిన నమోదులన్నీ చెల్లకుండా పోతాయని నాకు తెలుసు. ఆ కేంద్రంలో అప్పటికే చాలామంది నొక్కి పెట్టుకున్నారనీ తెలుసు. అవ్వ కూడా పక్కింటివాళ్ల ఫోన్లో ఎక్కించుకుంది. అన్నీ తెలిసే మార్చాను. మార్చి, నా ఫోన్లో మళ్లీ నమోదు చేసి పంపితే మళ్లీ 403.

అప్పుడు గానీ అంకె కింద ఏం రాసి ఉందో చదవలేదు నేను. ఆ జవాబు బ్రౌజర్ వాళ్లది కానే కాదు. కబురు గేటు కూడా దాటలేదు. ఈ చిరునామాకు పోవడానికి అనుమతి లేదని ప్రాక్సీయే రాసి పంపింది. ఆ వాక్యం మొదటి నుంచీ అక్కడే ఉంది. నేను చదవలేదు. నెత్తి కొట్టుకున్నాను. పాత చెవిని కూడా దాచుకోలేదు, దాని మీదే కొత్తది రాసేశాను.

ఇక అందరితో మళ్లీ నమోదు చేయించాలి. కేంద్రంలో టోకెన్లు రాసే అక్కకు ఫోన్ చేసి విషయం చెబితే, ఇప్పుడే గదా చేసిన్రు, మల్లెందుకు అని విసుక్కుంది. ఊళ్లవాళ్లతో తాను చేయిస్తానంది. తండావాళ్ల కోసం అక్కడ దవాఖాన పనులు చూసే ఆశ అక్క నంబరు ఇచ్చింది. ఆశ అక్కది నెమ్మదైన గొంతు. తండాలో అందరికీ స్మార్ట్‌ఫోన్లు లేవు, ఉన్నవాటిలో నెట్ ఉండదు, ఉన్నవాళ్లు పొద్దున్నే పనికి పోతారు అంది. అప్పటికే నాకు చిరాకు నెత్తికెక్కి ఉంది.

"ఎవరి ఫోనైనా మంచిదే అక్కా," అన్నాను. "మీ ఫోనైనా మంచిదే. అందరివి ఎక్కియ్యండ్రి, జల్ది కావాలె."

గంతేనా అంది ఆమె. ఆమెకు అది కొత్త కాదు. టీకాల నాడు తండా మొత్తం పేర్లు ఆమె నంబరు మీదే ఎక్కాయి. పింఛను ఓటీపీ వచ్చినా, రేషన్ ఓటీపీ వచ్చినా ఆమె ఫోనుకే. ఎవరిదేదొచ్చినా పోయి గడప ముందు నిలబడి చెప్పి వస్తుంది. తండాలో అది పద్ధతి. ఆ సాయంత్రానికే అందరివీ ఎక్కించానని ఫోన్ చేసింది. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆ తర్వాత హైదరాబాదుతో పోరు మొదలైంది. ప్రాక్సీని చూసుకునే హెల్ప్‌డెస్క్‌లో ఒకాయన ఉన్నాడు. ఎంత అరిచినా మేడం అనే అంటాడు, ఎంత మొత్తుకున్నా లెటర్ పెట్టండి అనే అంటాడు. లెటర్ మీద సార్ సంతకం కావాలి. సార్‌కు రోజుకు మూడు మీటింగులు. కారు దగ్గర పట్టుకుని కాగితం ముందు పెడితే చదివి, "ఎవరి ఆమోదమూ అక్కర్లేదన్నవు గదమ్మా" అని నవ్వుతూ సంతకం పెట్టారు. ఆ నవ్వు నాకు రెండు రోజులు గుచ్చుకుంది.

లెటర్ పోయింది. నాలుగు రోజులకు వెనక్కి వచ్చింది. ఏ చిరునామాలకు దారి తెరవాలో పేరుతో కాదు, అంకెల్లో రాయాలట. బ్రౌజర్ వాళ్ల సర్వర్లకు స్థిరమైన అంకెలుండవు, రోజుకొకటి మారతాయి, వాళ్లు పేరే ఇస్తారు అని చెప్పాను. అలా కుదరదు మేడం, ఫారంలో అంకెల గడి ఉంది అన్నాడు. ఆ గడిలో ఏదో ఒకటి నింపి మళ్లీ పంపాను. తెరిచారు. ఒక రోజు పనిచేసింది. మర్నాడు అంకె మారిపోయి మళ్లీ 403. ఇంకో లెటర్. ఇంకో మీటింగు. ఇంకో కారు.

ఇదంతా జరుగుతుంటే నేను టోకెన్లు రాసే అక్కకు రోజూ ఫోన్ చేసి ఎన్నో నంబరు నడుస్తోందని అడిగేదాన్ని. అరవై. డెబ్బై మూడు. ఎనభై ఎనిమిది. మధ్యాహ్నం కాగానే మబ్బు పడుతోంది, గాలి లేస్తోంది. యాసంగి కోతల్లో గాలివాన రాని ఏడు ఉండదు. మా ఆఫీసు మూలలో కిటికీ లేదు కాబట్టి మబ్బు చూడటానికి మెట్ల దాకా పోయేదాన్ని. నాకు సెంటు భూమి లేదు. అయినా ఆ రోజుల్లో ఆకాశాన్ని చూసి తిట్టుకున్నాను.

నంబరు తొంభై దాటిన రోజు హెల్ప్‌డెస్క్‌కు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన లెటర్ అనబోయాడు. కోపంలో నా మాట పూర్తిగా జనగామ మాటైపోతుంది.

"అన్నా, ఆడ ఒక ముసలామె వడ్లు పోసుకొని ఉన్నది," అన్నాను. "ఆమెకు మీ గడి ఎరుకలేదు, మీ అంకెలు ఎరుకలేవు. వానొస్తె ఆమె పంట పోతది. మీరు చెప్పుండ్రి, ఏం రాయాల్నో."

 అయితే పేర్లతోనే మెయిల్ పెట్టండి, చూస్తానన్నాడు. మర్నాడు పదకొండింటికి దారి తెరుచుకుంది. ఆ పని రెండు వారాల ముందు ఎందుకు కాలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పరీక్షకు ఒక కబురు పంపాను. 201.

ఆ శుక్రవారం సాయంత్రం కేంద్రం నుంచి మర్నాటి కాంటా వరుస వచ్చింది. తొంభై ఆరు నుంచి నూట పద్దెనిమిది దాకా. అందరికీ పంపాను. తెరమీద వరుసగా 201లు దిగుతుంటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. నూట పన్నెండు పక్కన 201. కుర్చీలోంచి లేచిపోయాను. సార్ గదికి పోయి చెబితే ఆయన కూడా లేచి నిలబడి చెయ్యి కలిపారు. కింద హోటల్లో చాయ్ తాగాను. చాలా రోజుల తర్వాత చాయ్ రుచి తెలిసింది.

శనివారం మధ్యాహ్నం జనగామ రైల్లో ఉండగా వాన పట్టుకుంది. వరంగల్ దాటేదాకా ఒకటే గాలి. కిటికీ రేకులు దించుకుని అందరూ వడ్లు వడ్లు అని బాధపడుతున్నారు. నేను మాత్రం లోపల మురిసిపోతున్నాను. అవ్వ వడ్లు ఈపాటికి లారీ ఎక్కి ఉంటాయి, ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో అనుకున్నాను. ఇంటికి పోయి అమ్మకు కూడా చెప్పాను.

మంగళవారం సార్ నన్ను మళ్లీ ఆ కేంద్రానికి పంపారు, మీటింగులో చూపించడానికి ఫోటోలు కావాలని. దిగి నడుస్తుంటే అవ్వ కనబడింది. అదే జాగా, అదే కుప్ప. పరదా తీసి పక్కన పడేసి ఉంది. వంగి చేతులతో వడ్లు విడదీస్తోంది. దగ్గరికి పోతే వాసన వచ్చింది, నానిన గింజ వాసన. ఆమె దోసిట్లో వడ్లకు తెల్లటి మొలకలు.

మొదట నాకు వచ్చింది కోపం. దుఃఖం కాదు, కోపం. ఇన్ని రోజులు ఇంత చేస్తే ఈమె రాలేదా అని. అవ్వా, కబురు పంపినం గదా, ఎందుకు రాలేదని గట్టిగానే అడిగాను.

"నాకు ఎవ్వరు చెప్పలె బిడ్డా," అంది.

లేదు, పోయింది అన్నాను. నా ఫోన్లో ఆఫీసు పేజీ తెరిచి నూట పన్నెండు పక్కన ఉన్న 201 చూపించాను. ఆమెకు చదువు రాదని తెలుసు. అయినా చూపించాను. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని, తెర మీదికి వంగి, మర్యాదగా చూసింది.

పక్క కుప్పలవాళ్లు చుట్టూ చేరారు. ఎండకు కళ్లు తిరిగినవాళ్లకు ఇచ్చే పొట్లాలు పట్టుకుని ఆశ అక్క కూడా కేంద్రంలోనే ఉంది. ఆమెను పిలిచి ఫోన్ చూపించమన్నాను. శుక్రవారం సాయంత్రం వచ్చిన కబురు ఇంకా తెర మీదే ఉంది. చెరపకుండా దాచిపెట్టింది పాపం. 'టోకెన్ 117, రేపు మీ కాంటా.' ఒక్కటే. రాగానే ఆ ఇంటికి పోయి చెప్పి వచ్చానంది. తండా టోకెన్లు ఆ రోజు వరుసలో ఐదు. మూడిళ్లవాళ్లు ఎటూ కుప్పల దగ్గరే ఉన్నారు. నూట పదిహేడువాళ్లకు ఆమె చెప్పింది. మిగిలింది అవ్వ. శనివారం ఆమె ముసలాయనను వదిలి రాలేకపోయింది, మూడుసార్లు పిలిచి తర్వాతి టోకెన్‌కు పోయారట.

ఆ ఫోను చేతిలో పట్టుకున్నప్పుడే నాకు అర్థమైపోయింది. ఐదు కబుర్లూ ప్రాక్సీ దాటాయి. ఐదూ ఆ ఒక్క ఫోనుకే వచ్చాయి. వచ్చింది వచ్చినట్టు ఒకదాని జాగాలో ఇంకొకటి కూర్చుంది. నూట పన్నెండు వచ్చింది, నూట పదిహేడు వచ్చి దాన్ని చెరిపేసింది. అలా చెరపమని రాసింది నేను. జనగామలో మా అమ్మ పక్కన కూర్చుని, మంచి పని చేస్తున్నాననుకుంటూ రాసిన ఆ ఒక్క లైను. ఒక రైతుకు ఒక ఫోను ఉంటుందనుకుని రాశాను. ఎవరి ఫోనైనా మంచిదే అని చెప్పిన దాన్నీ నేనే.

టోకెన్లు రాసే అక్క ఇంకో మాట చెప్పింది. ఇదివరకు వంతు వస్తుందంటే తండా దిక్కు పోయే ఆటో అతనికి పేర్లు చెప్పి పంపేదట. అతను పోతూ పోతూ కేకేసి చెప్పేవాడట.

"ఇప్పుడు ఫోనుకే వస్తది గదా అని నేను చెప్పి పంపలె మేడం," అంది.

 నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. హైదరాబాదులో ప్రాక్సీ సరిగ్గా పనిచేయలేదని. అది చెబితే అక్కడున్నవాళ్లందరూ నమ్మేవాళ్లు. నెల రోజులుగా అందరికీ నేను చెబుతున్నది అదే కదా. ఆశ అక్క తన ఫోను వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది, తప్పు తనదేమో అన్న భయంతో. ఆ భయం చూశాక ఆ మాట నోటికి రాలేదు. నా తప్పే అక్కా అన్నాను. నా తప్పే అవ్వా, నేను రాసినదాంట్ల తప్పున్నది, నీ కబురు వచ్చింది గానీ కనబడకుండ పోయింది అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను.

అవ్వ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎవరి ఫోన్లనైనా ఎక్కియ్యమన్నవట గదా," అంది. "మేం నువ్వు చెప్పినట్టే చేసినం బిడ్డా."

అని మళ్లీ వంగి మొలకలొచ్చిన వడ్లను ఒక పక్కకు, రానివాటిని ఒక పక్కకు జరపడం మొదలుపెట్టింది. నేనూ కూర్చుని కాసేపు విడదీశాను. రెండు దోసిళ్లకే తెలిసిపోయింది, అది విడదీస్తే అయ్యే పని కాదని. ఫోటోలు తీయలేదు.

ఆఫీసుకు వచ్చి ఆ లైను తీసేశాను. తీయడానికి నిమిషం పట్టలేదు. నా ఫోనుకు ఐదు కబుర్లు పంపి చూస్తే ఐదూ ఒకదాని కింద ఒకటి వరుసగా కనబడ్డాయి. సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నివేదికలో నెట్‌వర్క్ అంతరాయం అని రాద్దామమ్మా అన్నారు. వద్దు సార్ అన్నాను. ఆయన అలాగే రాశారు. కాంటా మళ్లీ మొదలయ్యాక అవ్వ వడ్లను మిల్లువాళ్లు మాకొద్దన్నారు. కోళ్ల దాణా కోసం కొనే ఒకాయన వచ్చి అడిగిన ధరకు ఎత్తుకుపోయాడని తర్వాత ఆశ అక్క చెప్పింది. భూపాలపల్లి అన్నకు ఫోన్ చేస్తే ఎప్పటిలా కాసేపు ఊరుకున్నాడు. ఆ రోజు ఆ ఊరుకోవడం నాకు చెడ్డగా అనిపించలేదు.

వానాకాలం పంటకు మళ్లీ కేంద్రాలు తెరిచారు. ఈసారి ప్రాక్సీతో పేచీ లేదు. అన్ని కబుర్లూ కనబడుతున్నాయి. పంపిన ప్రతి సాయంత్రం ఆశ అక్కకు ఫోన్ చేసి ఏయే నంబర్లు వచ్చాయో చదివించుకుంటున్నాను. ఆటో అతనికి కూడా చెప్పి పంపమని టోకెన్లు రాసే అక్కతో మాట తీసుకున్నాను. తండా నమోదుల్లో అవ్వ పేరు లేదు. ఈ ఏడు వడ్లు తేలేదేమో అనుకుని, మనసు ఊరుకోక, ఒక రోజు బస్సెక్కి మరిపెడ అవతలికి పోయాను.

వడ్లు తెచ్చింది. కుప్ప పక్కనే నాలుగు కర్రలు పాతి పరదా కట్టింది. దాని కింద నులక మంచం. మంచంలో ముసలాయన, ఒక పక్కకు ఒరిగి, వడ్ల వైపు చూస్తూ. ట్రాక్టర్‌లో వడ్లతో పాటే మంచాన్ని కూడా ఎక్కించుకుని వచ్చిందట. పన్నెండు రోజులుగా ఇద్దరూ అక్కడే ఉన్నారు. నన్ను గుర్తుపట్టి నవ్వింది, చెంబుతో నీళ్లిచ్చింది. నేను నీళ్లు తాగి, ఇప్పుడు బాగైంది అవ్వా, అన్నీ కనబడుతున్నయి, నీ నంబరు కూడా ఎక్కిస్త, ఆయనను ఇంటికి తీసుకపో అన్నాను.

"వద్దులే బిడ్డా," అంది, ముసలాయన తల కింద బట్ట సర్దుతూ. "నా వంతు నేనే సూసుకుంట. మల్ల నీకెందుకు తక్లీఫ్."